దాచుకున్న ఎత్తు

అత్తవారింట్లో అడుగుపెట్టిన కొత్తలో నాకొక అనుమానం పట్టుకుంది. మా ఆయన, మావగారు వంటగది బల్ల దగ్గర తలలు దగ్గర పెట్టుకుని గుసగుసలాడుకునేవారు. నేను లోపలికి రాగానే నోళ్లు మూసుకునేవారు. నా చెవిన పడ్డ ముక్కలు ఇవి: "అది బయటపడిందంటే మన పని అయిపోయినట్టే." "దాని సంగతి ఇంకెవరికీ చెప్పలేదు కదా?" "అది ఇప్పుడే వద్దురా." కొత్త పెళ్లికూతురి చెవికి ఇవి ఎలా వినిపిస్తాయో మీరే ఊహించుకోండి. కొన్నాళ్లు ఓపిక పట్టి, ఒకరోజు గరిటె చేత్తో పట్టుకునే అడిగేశాను, ఎవరండీ అది అని. తండ్రీకొడుకులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"అది మనిషి కాదమ్మాయ్, ఎత్తు" అన్నారు మావగారు. "చదరంగంలో ఎత్తు."

ఎవరో ఆడమనిషి అయినా బాగుండేదని తర్వాత చాలాసార్లు అనుకున్నాను. మనిషైతే పోట్లాడి పంపించేదాన్ని.

మా ఆయన గ్రాండ్‌మాస్టర్. ఈ మాట చెబితే సగం మంది కరాటేనా అని అడుగుతారు. చదరంగం అంటే, "ఓహో, మా మేనల్లుడు కూడా ఫోన్లో ఆడతాడు" అంటారు. నాది కళ్లద్దాల షాపు. కళ్లు పరీక్ష చేస్తాను, అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో బిగిస్తాను. ఈయన నాకు పరిచయమైంది కూడా అక్కడే. కుడికన్ను మూసి గోడ మీది అక్షరాలు చదవమన్నాను, ఆఖరి వరుస దాకా గడగడా చదివాడు. ఎడమకన్ను మూయమన్నాను, మళ్లీ అదే వేగంతో చదివాడు. అద్దాలు మారుస్తుంటే నాకు తెలిసిపోయింది, ఈ మనిషికి పై రెండు వరుసలు తప్ప ఏమీ కనబడటం లేదని. లోపలికి వస్తూ పక్కనుంచి నడిచినప్పుడు ఒక్కసారి చూసిన పలకను ఒప్పజెబుతున్నాడు.

"గుర్తుపెట్టుకుని చెప్పొద్దు. చూసి చెప్పండి" అని గదిమాను.

"చూడటానికి భయమేస్తుంది" అన్నాడు. వేళాకోళం అనుకుని నవ్వేశాను.

పువ్వు పుట్టగానే పరిమళిస్తుందంటారు. మావగారింటి గోడకి ఒక పేపరు ఫొటో ఫ్రేము కట్టించి తగిలించి ఉండేది. కుర్చీ మీద రెండు దిళ్లు వేసి కూర్చోబెట్టిన ఆరేళ్ల పిల్లాడు, మా ఆయనే, కాళ్లు గాల్లో వేలాడుతున్నాయి. ఎదురుగా ఒక బట్టతలాయన రెండు చేతులతో తల పట్టుకుని కూర్చున్నాడు. వచ్చినవాళ్లందరూ పిల్లాణ్ని చూసి ముచ్చటపడేవారు. నా చూపు మాత్రం ఎందుకో ఆ బట్టతలాయన మీదికే పోయేది. ఆయన ఇంటికెళ్లి పెళ్లాంతో ఏం చెప్పుకున్నాడో అని.

మావగారు లిఫ్టు మెకానిక్. ఊళ్లో ఏ పెద్ద బిల్డింగులో లిఫ్టు ఆగిపోయినా ఆయనకే ఫోను. రెండు అంతస్తుల మధ్య ఇరుక్కున్నవాళ్లతో ఆయన మొదట చెప్పే మాట ఒక్కటే: "తలుపు మీరు తీయకండి. నేను చెప్పేదాకా కదలకండి." చదరంగం పుస్తకాల్లో చూసి నేర్చుకుని కొడుక్కి నేర్పారు. కొడుక్కి అయిదో ఏడు రాగానే అతని చేతిలోనే ఓడిపోయారు. ఆ రోజు ఓడిపోయినంత సంతోషం తనకి మళ్లీ కలగలేదని చెప్పేవారు. పిల్లాణ్ని బడి మానిపించి టోర్నమెంట్లకు తిప్పారు. మా అత్తగారిని నేను చూడలేదు, నేను రాకముందే పోయింది. వీడికి కాస్త ఈత నేర్పిద్దామండీ అని అడిగేదట పాపం. ఎవరూ వినలేదట.

పదిహేనో ఏట మా ఆయన గ్రాండ్‌మాస్టర్ అయ్యాడు. జనం దాన్ని పైమెట్టు అనుకుంటారు. ఎక్కినవాళ్లకి తెలుస్తుంది, పైన ఇంకా ఎంత మేడ ఉందో. లోకంలో గ్రాండ్‌మాస్టర్లు వందల మంది. వాళ్లలో పదిమంది పేర్లే లోకానికి తెలుస్తాయి. మిగతావాళ్లు ఊరూరా తిరిగి ఆడుకుని, హోటలు గదుల్లో బట్టలు ఉతికి ఆరేసుకుని, ఇంటికొస్తారు. మా ఆయన ఆ పదిమందిలోకి వెళతాడని అందరూ అన్నారు. ఆయనా నమ్మాడు. మావగారి సంగతి చెప్పనే అక్కర్లేదు.

ఆ ఎత్తు దొరికింది మా ఆయన పందొమ్మిదో ఏట. వంటగది బల్ల మీద బోర్డు పరుచుకుని ఒక పాత ఆరంభాన్ని చూస్తున్నారట. ఆట ఎలా మొదలుపెట్టాలన్నదాంట్లో ఎన్నో దారులుంటాయి, ఒక్కో దారినీ పుస్తకాలు చాలా దూరం రాసిపెడతాయి. ఈ దారిలో తెల్లపావులవాడి గుర్రం చిక్కుకుపోతుంది. కాబట్టి నల్లవాడికే మంచిదని పుస్తకాలన్నీ తేల్చేశాయి. మా ఆయన గుర్రాన్ని ఎలా తప్పించాలా అని జుట్టు పీక్కుంటున్నాడు. మావగారు టీ తాగుతూ, "పోతే పోనీరా గుర్రం. రాజును మూలగడిలోకి జరిపి ఊరుకుంటే?" అన్నారట. మా ఆయన పకపకా నవ్వాడు. ఇల్లు తగలబడుతుంటే కుర్చీ సర్దుకుని కూర్చునే రకం ఎత్తు అది. నవ్వుతూ నవ్వుతూ ఆగిపోయాడు. టీ చల్లారిపోయింది, అన్నాల వేళ దాటిపోయింది. నల్లవాడు గుర్రాన్ని తిన్నా ఓటమే, తినకపోయినా ఓటమే.

ఎవరు కనిపెట్టారని నేను విడివిడిగా అడిగాను. "మా నాన్న" అన్నాడు ఈయన. "మావాడు. నేను నోటికొచ్చింది వాగాను, చూసింది వాడు" అన్నారు ఆయన. వాళ్లిద్దరి మధ్య ఉన్న ప్రేమ నాకు అక్కడే అర్థమైంది. దానిమీద కోపం తెచ్చుకోవడం ఎంత కష్టమో కూడా.

ఆ రోజుల్లో ఇంట్లో ఒక పాత కంప్యూటరు ఉండేది. ఆ ఎత్తును అందులో పెట్టి చూశారు. తెల్లవాడు ఓడిపోతాడు అంది యంత్రం. ఎంతసేపు ఆలోచించనిచ్చినా అదే మాట. మావగారు కుర్చీలోంచి ఎగిరి గంతేశారట: "యంత్రానికే అందలేదురా! ఇక మనుషులకేం అందుతుంది!" ఆ రోజే నియమాలు పెట్టుకున్నారు. ఆ ఎత్తు మళ్లీ యంత్రంలో పెట్టకూడదు. ఎవరికీ చూపకూడదు. ఒక్కసారి ఆడితే లోకమంతా చూసేస్తుంది, రెండోసారి పనికిరాదు. కాబట్టి పెద్ద ఆటకే వాడాలి.

పెద్ద ఆట ఏదన్నదే చిక్కు. తెల్లపావులు వచ్చిన ప్రతి టోర్నమెంటులోనూ ఎవడో ఒకడు ఆ దారిలోకి వచ్చేవాడు. పుస్తకాలు నల్లకే మంచిదన్నాక రాక చస్తారా. కానీ మావగారు ముందే చెప్పి పంపేవారు: "పిచ్చుక మీద బ్రహ్మాస్త్రమా? గోటితో పోయేదానికి గొడ్డలెందుకురా?" మా ఆయన వేరే ఎత్తేదో ఆడి, గుర్రాన్ని ఎలాగో బతికించుకుని, డ్రా చేసుకుని వచ్చేవాడు. పిచ్చుకలు వచ్చి పోతూనే ఉన్నాయి. బ్రహ్మాస్త్రం బీరువాలోనే ఉంది.

పెళ్లయిన మూడో ఏడు అసలైన ఆట వచ్చింది. ప్రపంచ స్థాయి పోటీకి మనుషులను ఎంచే టోర్నమెంటు. ఆఖరి ఆట గెలిస్తే ఈయనకి చోటు ఖాయం. తెల్లపావులు. నేనూ మావగారూ వెంట వెళ్లాం. పొద్దున్న ఫలహారం దగ్గర మావగారు రొట్టెకి వెన్న రాస్తూ అన్నారు: "ఇవాళ్టివాడు నీకంటే చాలా కిందివాడు. మామూలుగానే గెలుస్తావు. అది అక్కడికి దాచుకో. అక్కడ పనికొస్తుంది." మా ఆయన తల ఊపాడు. నాకు గుర్తుంది, ఆ తల ఊపడంలో తేడా ఏమీ లేదు. ఎన్నేళ్లుగానో ఊపుతున్న తలే.

ఎదుటివాడు ఆ దారిలోకి వచ్చాడు, నవ్వుకుంటూ వచ్చాడు. నాకు ఆట అంతంతమాత్రమే తెలిసినా ఆ స్థితి మాత్రం కళ్లు మూసుకుని గీయగలను. మా ఆయన చెయ్యి లేచింది. రాజు మీదికి వెళ్లి గాల్లో ఆగింది. ముట్టుకుంటే కదపాలి, అది ఆ ఆటలో నియమం. వేలు తగిలితే చాలు, ఇక వెనక్కి పోవడానికి లేదు. తగలాలని నేను గోళ్లు అరచేతిలోకి గుచ్చుకుంటూ కూర్చున్నాను. చెయ్యి అక్కడే కాసేపు ఉండి, పక్కకి జరిగి, గుర్రాన్ని పట్టుకుని వెనక్కి లాగింది. ఆట డ్రా అయింది. చోటు అరపాయింటులో పోయింది.

తిరిగొచ్చేటప్పుడు రైల్లో తెచ్చుకున్న అన్నం పొట్లాలు ఎవరూ విప్పలేదు. చివరికి మావగారు కొడుకు మోకాలి మీద చెయ్యి వేసి, "పోనీలేరా. అది మిగిలింది కదా" అన్నారు.

నాకు ఒళ్లు మండిపోయింది. "ఆలస్యం అమృతం విషం అని ఊరికే అన్నారా మావయ్యా? ఎవరి కోసం దాస్తున్నారు? మ్యూజియంలో పెడతారా?" అన్నాను. ఆయన నొచ్చుకోలేదు. "నీకు ఆట తెలీదమ్మా" అన్నారు మెల్లగా. మా ఆయన కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. ఏడుస్తున్నాడని అద్దంలో కనబడింది.

ఆ తర్వాత దిగడమే. కొత్త పిల్లలు వచ్చారు, వాళ్ల చేతుల్లో కొత్త యంత్రాలు వచ్చాయి. వీళ్లు ఏళ్ల తరబడి బుర్రలు బద్దలుకొట్టుకున్నది వాళ్లు బస్సులో కూర్చుని ఫోన్లో చూసుకునేవారు. పిలుపులు తగ్గాయి. విమానాలు బస్సులయ్యాయి. ఈయన ఒక కోచింగు సెంటరులో పిల్లలకు ఆట చెప్పడం మొదలుపెట్టాడు, రెండో అంతస్తులో, కింద జిమ్ము. ఇనుప బరువులు దబ్బుమని పడ్డప్పుడల్లా పావులు అదిరేవి. తన ల్యాప్‌టాప్‌లో కూడా కొత్త యంత్రం ఉంది, రోజూ దాంతోనే పని. కానీ ఆ ఒక్క ఆరంభం జోలికి పోడు. పుస్తకంలో ఆ అధ్యాయం వస్తే పేజీలు తిప్పేస్తాడు. పిల్లలెవరైనా అడిగితే, "ఆ దారి మంచిది కాదు, వదిలెయ్" అంటాడు.

"ఒక్కసారి యంత్రంలో పెట్టి చూడకూడదటండీ?" అని అడిగాను ఒకరోజు.

"చూస్తే తెలిసిపోతుంది."

"తెలిస్తే మంచిదేగా."

ల్యాప్‌టాప్ మూసేశాడు. షాపులో ఇలాంటివాళ్లను చాలామందిని చూశాను. ఒక కన్ను మసకేసిందని ఎప్పటినుంచో తెలుసు. పరీక్ష అంటే మాత్రం, వచ్చేవారం వస్తాలెండి అంటారు. వాళ్లను బలవంతంగా కుర్చీలో కూర్చోబెడతాను. ఈయన్ని కూర్చోబెట్టలేకపోయాను.

మావగారికి మతిమరుపు వచ్చింది. ముందు తాళాలు, తర్వాత దారులు, తర్వాత మనుషులు. నన్ను చూసి ఒక్కోసారి మా అత్తగారి పేరుతో పిలిచి, ఈత సంగతి రేపు చూద్దాంలే అనేవారు. బాత్‌రూము తలుపు ముందు నిలబడి, "లోపల ఎవరైనా ఇరుక్కున్నారా? భయపడకండి, కదలకండి" అని చెప్పేవారు. లోపల నేనే ఉండేదాన్ని. అన్నీ పోయినా ఒక్కటి మాత్రం పోలేదు. పొద్దున్న టీ తాగేటప్పుడు ఆయనకి కాసేపు తెరిపి ఉండేది. అప్పుడు కొడుకు చెయ్యి పట్టుకుని అడిగేవారు:

"ఒరేయ్, అది ఉందా?"

"ఉంది నాన్నా."

"ఎవరికీ చెప్పలేదుగా?"

"లేదు నాన్నా."

ఈ తెరిపి కూడా ఎంతోకాలం ఉండదని డాక్టరు చెప్పింది. ఆ రోజు ఇంటికొచ్చి నేను పట్టుబట్టాను. "ఆడెయ్యండి. ఎవరి మీదైనా సరే, పిచ్చుక మీదైనా సరే. మావయ్యకి అర్థమవుతూ ఉండగానే ఒక్కసారి బోర్డు మీద పెట్టండి. గెలవకపోయినా ఫరవాలేదు. ఆయన చూస్తే చాలు." ఎప్పుడూ లేనిది ఆయన వెంటనే ఒప్పుకున్నాడు. ఒప్పుకుని, చాలా రోజుల తర్వాత గడ్డం నున్నగా గీసుకున్నాడు.

మా ఊళ్లోనే ఒక హోటలు హాల్లో టోర్నమెంటు, ఎవరైనా ఆడొచ్చు. తెల్లపావులు వచ్చిన మొదటి ఆటలో ఎదుటివాడు వేరే దారి పట్టాడు. రెండోసారి ఒక పళ్ల డాక్టరు, ఆయనకి ఏ దారీ తెలీదు. మూడోసారీ అంతే. ఆ ఆరంభం ఫ్యాషను పోయిందట, ఎవరూ ఆడటం లేదట. బోను తలుపు తీసి పెట్టుకుని కూర్చుంటే ఎలుకే రాలేదు. రోజూ సాయంత్రం ఇంటికొచ్చి బూట్లు విప్పుకుంటూ నా వైపు చూసి తల అడ్డంగా ఊపేవాడు. ఆఖరి రోజు జాబితాలో నల్లపావులు వచ్చాయి. ఎదుటిది పదకొండేళ్ల పిల్ల.

"ఇక ఈసారికి లేదు" అన్నాడు.

అయినా మావగారు పొద్దున్నే బూట్లు వేసుకుని గుమ్మంలో కూర్చున్నారు. టోర్నమెంటు అన్న మాట ఎక్కడో చెవిన పడింది. విప్పమంటే వినలేదు. సరే పదండని షాపుకి సెలవు పెట్టి ఆయన్ని తీసుకెళ్లాను.

హాలు పక్క గదిలో పెద్ద తెర పెట్టి, ముఖ్యమైన ఆటలను అందులో చూపిస్తున్నారు. మధ్యలో గాజు తలుపు, అందులోంచి ఆడేవాళ్లు కనబడతారు, మన మాటలు వాళ్లకి వినబడవు. మేము ముందు వరుసలో కూర్చున్నాం. ఆ పిల్ల కుర్చీ మీద వాళ్ల నాన్న తన కోటు మడతపెట్టి ఎత్తు చేశాడు. అయినా కాళ్లు నేలకి ఆనలేదు. మా ఆయన ఆమెను చూసి నవ్వి చెయ్యి కలిపాడు.

నాలుగైదు ఎత్తులయ్యేసరికి మావగారు ముందుకి వంగారు. "మన దారేనే" అన్నారు. నేను తెర చూసి ఉలిక్కిపడ్డాను. నిజంగా మన దారే. కానీ ఆడిస్తున్నది ఆ పిల్ల, తెల్లపావులు ఆమెవి. మా ఆయన కావాలంటే పక్కకి తప్పుకోవచ్చు. తప్పుకోలేదు. ఎందుకు తప్పుకుంటాడు? నల్లకే మంచిదని పుస్తకాలు చెబుతున్నాయి. కాదని తెలిసినవాళ్లు ఈ భూమ్మీద ఇద్దరే. వాళ్లలో ఒకరు నా పక్కన కూర్చున్నారు.

గుర్రం చిక్కుకుంది. ఆ పిల్ల గడియారం వైపు కూడా చూడలేదు. రాజును తీసి మూలగడిలో పెట్టి, గడియారం నొక్కి, కుర్చీ దిగి మంచినీళ్లు తాగడానికి వెళ్లిపోయింది.

మావగారు నా చెయ్యి పట్టుకున్నారు. ముసలి చేతుల్లో అంత బలం ఎక్కణ్నుంచి వచ్చిందో. "అమ్మాయ్! అది! ఆడేశాడమ్మాయ్, మావాడు ఆడేశాడు!" కళ్లవెంట నీళ్లు కారిపోతున్నాయి. తెర మీద తెల్లవైపు ఆ పిల్ల పేరు ఉంది, నల్లవైపు మా ఆయన పేరు. అందరికీ చదువుకునే అద్దాలిచ్చేదాన్ని, ఆ పూట నాకే చదవడం రాకపోతే బాగుండు అనిపించింది. ఆయన అవి చదవలేదు. మావాడు తెల్లపావులతో ఈ ఎత్తు ఆడతాడు, అంతే ఆయనకి తెలిసింది.

"అవును మావయ్యా, ఆడేశారు" అన్నాను.

గాజు తలుపులోంచి చూశాను. మా ఆయన రెండు చేతులతో తల పట్టుకుని కూర్చున్నాడు. మధ్యలో జుట్టు పల్చబడి నెత్తి మెరుస్తోంది. ఆ ఫొటోలో బట్టతలాయన అచ్చం ఇలాగే కూర్చున్నాడు. ఆ పిల్ల తిరిగొచ్చి కూర్చుంది, బిస్కట్టు తింది, మళ్లీ లేచి వెళ్లింది. ఈయన కదల్లేదు. ఆలోచించడానికి ఏముంది? ఆ తర్వాత వచ్చేదంతా లోకంలో అందరికంటే బాగా ఆయనకే తెలుసు. ఓడిపోయానని చెయ్యి చాపి లేచి వచ్చేస్తాడనుకున్నాను. రావాలనే కోరుకున్నాను. అప్పుడాయన తలెత్తి గాజు తలుపు వైపు చూశాడు. మావగారు కనబడ్డారు. కళ్లు తుడుచుకుంటూ, నవ్వుతూ, తెర వైపు వేలు చూపిస్తూ.

మా ఆయన గుర్రాన్ని తిన్నాడు.

"తిన్నాడు! గుర్రాన్ని తిన్నాడు వెధవ!" అని మావగారు చంకలు గుద్దుకున్నారు. "ఇప్పుడు బంటు ముందుకెళ్లాలి." బంటు ముందుకెళ్లింది. "ఇప్పుడు వాడు ఏనుగుతో అడ్డుపెట్టాలి, గతిలేదు." అడ్డుపెట్టాడు. ప్రతి ఎత్తూ ఆయన నోట్లోంచి ముందు వచ్చింది, తర్వాత తెర మీదికి వచ్చింది. చుట్టూ ఉన్నవాళ్లు తిరిగి తిరిగి చూస్తున్నారు, ఎవరీ ముసలాయన అని. తన కొడుకు పేరు మరిచిపోయే మనిషి, వంటగది బల్ల మీద ఎప్పుడో అల్లుకున్న దాన్ని ఒక్క ముక్క తప్పకుండా చెబుతున్నారు.

ఒకచోట ఆయన ఆగారు. "ఇక్కడ ఏనుగును వెనక్కి లాగితే వాడు ఇంకాసేపు బతుకుతాడు. మంత్రితో తింటేనే అందం. ఆట కట్టే దాకా పోతుంది. తింటాడంటావా? అంత తెలివితక్కువవాడా?"

మా ఆయన చాలాసేపు ఏనుగు వైపు చూసి, మంత్రితో తిన్నాడు.

గ్రాండ్‌మాస్టర్లు ఆట కట్టే దాకా ఉండరు. ఓటమి కనబడగానే చెయ్యి చాపేస్తారు, అది వాళ్ల మర్యాద. ఈయన చివరి ఎత్తు దాకా కూర్చున్నాడు. ఆ పిల్ల ఆట కట్టించి, నమ్మలేనట్టు ఆయన మొహంలోకి చూసింది. ఈయన లేచి నిలబడి చెయ్యి కలిపాడు. మావగారు గదిలో ఒక్కరే చప్పట్లు కొట్టారు.

మేము బయట వరండాలోకి వెళ్లేసరికి ఈయన ఆ పిల్ల ముందు వంగి నిలబడి ఉన్నాడు.

"రాజును జరపడం నీకు ఎవరు నేర్పారమ్మా?"

"ఎవరూ నేర్పలేదంకుల్. ఫోన్లో పెడితే అదే ఫస్టు చూపిస్తుంది. మా ఫ్రెండ్సందరికీ తెలుసు. మీకు తెలీదా?"

"తెలుసు."

"మరెందుకు ఆడారు?"

పిల్ల తండ్రి కంగారుపడి, "తప్పమ్మా, అంకుల్ ఒకప్పుడు చాలా పెద్ద ప్లేయరు" అని భుజం పట్టుకుని తీసుకుపోయాడు. వెళుతూ వెళుతూ ఆ పిల్ల వెనక్కి తిరిగి చూసింది. దాని మీద నాకు కోపం రాలేదు. కుర్చీలోంచి దాని కాళ్లు నేలకి ఆనే రోజు తలుచుకుంటే దిగులేసింది.

మావగారు వచ్చి కొడుకును కౌగిలించుకున్నారు. "ఆడావురా! చూశాను! ఒక్క ఎత్తు కూడా పొల్లుపోలేదు!"

"అవును నాన్నా."

"గెలిచింది కదా అది?"

"గెలిచింది నాన్నా."

"ఎవరి మీద?"

"గ్రాండ్‌మాస్టర్ మీద."

"గట్టివాడేనా?"

"ఒకప్పుడు" అన్నాడు మా ఆయన.

మావగారు తృప్తిగా తల ఊపారు. "చూశావా? అందుకే దాచమన్నాను. పిచ్చుక మీద పారేసుకోలేదు మనం." కొడుకు చొక్కా కాలరు సర్ది, భుజం మీది దుమ్ము దులిపారు. దులుపుతూ ఉండగా ఆయన చెయ్యి ఆగింది. మొహంలో వెలుగు మెల్లగా తగ్గింది. జేబులో ఏదో వెతుక్కుని దొరకనివాడిలా మా ఇద్దరినీ మార్చి మార్చి చూశారు.

"మరి ఇక మన దగ్గర ఏముందిరా?" అన్నారు.

నేను బస్సు వస్తోందని అబద్ధం చెప్పి ఆయన చెయ్యి పట్టుకుని మెట్లు దించాను. మా ఆయన వెనక వచ్చాడు. ఇంటిదాకా మావగారు అదే అడిగారు. వీధి మలుపులో అడిగారు, గుమ్మంలో అడిగారు, అన్నం ముందు కూర్చుని అడిగారు. ముద్ద నోట్లో పెట్టుకోలేదు. ఆయన కళ్లలో అంత భయం నేను ముందెన్నడూ చూడలేదు. గెలిచిన రోజు ఆ ఇంట్లో ముగ్గురం పస్తు పడుకున్నాం.

పొద్దున్న టీ పెట్టి తీసుకొచ్చేసరికి తండ్రీకొడుకులు బల్ల దగ్గర ఉన్నారు. మా ఆయన కళ్లు ఎర్రగా ఉన్నాయి. మావగారి మొహం తేటగా, కడిగినట్టుగా ఉంది. టీ ఊదుకుని ఒక గుక్క తాగి, చుట్టూ చూసి, నేనున్నానని గొంతు తగ్గించారు.

"ఒరేయ్, అది ఉందా?"

మా ఆయన నా వైపు చూశాడు. నేను చూపు తిప్పుకున్నాను. ఈ ఒక్క జవాబు నేను చెప్పించలేను.

"ఉంది నాన్నా" అన్నాడు.

"ఎవరికీ చెప్పలేదుగా?"

"లేదు."

"తొందరపడకు. చిన్నవాడివి, ఇంకా చాలా టైముంది" అని కొడుకు నెరిసిన తల నిమిరారు మావగారు.

"సరే నాన్నా" అని మా ఆయన లేచి, తన కప్పు కడిగి బోర్లించి, పిల్లలకు ఆట చెప్పడానికి వెళ్లిపోయాడు.